మిర్చి యార్డులో సెరినిటీ

వరంగల్ శివారు మిర్చి యార్డులో ఆ ఉదయం నుంచి సెరినిటీ అమల్లోకి వచ్చిందని చైర్మన్ రాజేశ్వర్ రావు గారు మైకులో ప్రకటించారు. హైదరాబాద్‌లో మూడు రోజుల ట్రైనింగుకు వెళ్లి ఆయన నేర్చుకొచ్చిన మాట అదొక్కటే. మహానుభావుడు, దాన్ని తన దగ్గరే దాచుకోలేదు.

నెక్కొండ నుంచి ముప్పై బస్తాల మిర్చి తెచ్చిన సారయ్య రెండు రోజులుగా కాంటా కోసం కూర్చున్నాడు. మబ్బు కమ్ముకొస్తోంది. తడిస్తే సరుకును నాసిరకం తాలు కింద కూడా కొనరు, ఏడాది కష్టం మట్టిపాలు. కాంటా ఎప్పుడని అడిగితే సెక్రటరీ భానుచందర్ కొత్త బోర్డు చూపించాడు. సెరినిటీ అంటే ప్రశాంతత, నిశ్చలత, నిమ్మళం. కింద వాడుక కూడా రాశారు: ‘రైతు సెరినిటీతో కాంటా కోసం వేచి ఉన్నాడు.’ మబ్బు సంగతి బోర్డులో లేదు.

ఎవరు ఎక్కువ నిమ్మళంగా ఉంటే వాళ్ల సరుకే ముందు తూస్తారట; ఆ మార్కులు భానుచందర్ పుస్తకంలో రాస్తాడు. ఇంత న్యాయమైన పద్ధతి దేశంలో ఇంకెక్కడుంది! గట్టిగా అడిగిన యాకయ్యను వరుస చివరికి పంపారు. మిర్చి ఘాటుకు తుమ్మినవాళ్లకు తలా అర మార్కు కోశారు. సారయ్య ముక్కు పట్టుకుని తుమ్మును కూడా మింగాడు.

చినుకులు మొదలవగానే భార్య మొగిలమ్మ పరదాల కోసం పరుగెత్తి వట్టి చేతులతో తిరిగొచ్చింది. యార్డు పరదాలన్నీ చైర్మన్ గారు ఆ రోజు పెట్టిన సెరినిటీ సభ స్టేజీ మీద కప్పేశారు.

“జర లేసి అడుగరాదు?” అంది.

“లేస్తే నంబర్ పోతదే,” అన్నాడు సారయ్య.

వాన దంచికొట్టింది. సారయ్య కదల్లేదు. ఫస్టు వచ్చాడు. స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు.

“గీయన్ని చూడుండ్రి,” అన్నారు చైర్మన్ గారు మైకులో. “మిర్చి తడుస్తాంది, మనిషి కదుల్తలేడు. సెరినిటీ అంటే గిదీ.”

పరదాల కింద చప్పట్లు మోగాయి. ఇక కాంటా వెయ్యమని సారయ్య చేతులు జోడించాడు.

“తడిసిన సరుకు తూసుడు రూల్‌ల లేదు కాకా,” అన్నాడు భానుచందర్.

సారయ్య దిగిపోయి, శాలువా విప్పి పై బస్తా మీద కప్పాడు.

“అరేయ్! ఫొటో ఇంక దిగనే లేదు, శాలువా తడుపుతాండు! వాణ్ని గుంజుకరాండ్రి!” చైర్మన్ గారి కేక మైకులోంచి యార్డంతా మోగింది.

పొద్దుటి నుంచి ఆపుకున్న తుమ్మును సారయ్య అప్పుడు తుమ్మాడు. భానుచందర్ పుస్తకం తీసి అర మార్కు కోశాడు.