నీళ్ళులేని ఏరే నిజమైన ఏరు

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను. పోయిన ఏడాది ఆఫీసు పనిమీద జర్మనీ వెళ్ళి, అక్కడి మోసెల్ నదిలోయను చూసినప్పుడు నాకు అసూయ కలగలేదు. జాలేసింది!

ఎందుకంటారా? ఆ నది నిండా నీళ్ళే. ఇంకేమీ లేదు! అవతలి ఊరికి పోవాలంటే వంతెన దాకా వెళ్ళాలి, లేదంటే పడవకోసం నిలబడాలి. మాది ఎర్రగుంట్ల దాటాక పెన్న ఒడ్డు. మేం బండిని సెకండ్ గేర్‌లో ఏట్లోకి దించి అవతల తేలతాం. మా ఏటి మధ్యలో క్రికెట్ పిచ్ కూడా ఉంది. మోసెల్‌లో ఒక్క ఓవర్ వేయమనండి చూద్దాం!

ఇక ద్రాక్ష తోటలు. గోడల్లా నిలువుగా ఉన్న కొండలమీద వేశారు. కోతకు మనుషులు పాకుతూ ఎక్కుతారు. మా శేషన్న మామది చదును నేల, పందిరి తోట. కింద మంచం వేసుకుని కాపలా కాస్తాడు. వీడియో కాల్‌లో ఆ కొండలు చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏం పాపా, ఆ మనిషి జారితే యాడ పడతాడు?"

"ఏట్లో, మామా."

"నీళ్ళుండాయి కదా, మునిగిపోడూ? మన ఏరైతే మెత్తగా ఇసకలో పడతాడు."

సేఫ్టీ అంటే ఇదీ!

అక్కడ తీగల మొదళ్ళలో అంతా పలకరాళ్ళే. పగటి ఎండను దాచుకుని రాత్రి తీగలకు వెచ్చదనం ఇస్తాయట. ముప్పై ఏళ్ళుగా చేన్లో రాళ్ళు ఏరిపారేస్తున్న మామ ఇది విని శానాసేపు నవ్వాడు.

"వేడి కోసరం రాళ్ళా? మన నాపరాళ్ళు పంపిస్తా, అడుగు. వేడి ఫ్రీ!"

ఇంత గొప్ప మా పెన్న లోయను ఇంకా మెరుగుపరుస్తున్నవి ఇసుక టిప్పర్లు. వాటికోసం తవ్విన గుంతల్లో అడుగున బండ కనిపిస్తోంది. పిల్లలకు జియాలజీ క్లాసు ఉచితం! ఇసుక పోతే బోర్లు ఎండుతాయని కొందరు గొణుగుతారు. ఎండితే ఏమిటండీ? మామ బోరు ఒకప్పుడు రెండొందల అడుగులు, ఇప్పుడు ఏడొందలు. జర్మనీలో ఏ రైతుకైనా ఇంత లోతుందా?

ఈ మార్చిలో ఆ ఏడొందల అడుగులూ ఉత్త గాలి కొట్టాయి. కోతకు ఇంకా పన్నెండు రోజులు. ఒక్క తడి ఇస్తే గుత్తులు నిలబడతాయి. లేకపోతే ఏడాది కష్టం పందిరిమీదే ఎండుతుంది.

మామ అరచేతిలో టెంకాయ పెట్టుకుని తోటంతా తిరిగాడు. అది లేచి నిలబడితే అక్కడ కింద నీళ్ళున్నట్టు. మూడు గంటలు తిరిగినా లేవలేదు.

"దానికీ నిద్ర సాల్లేదేమో," అన్నాడు మామ.

ఆఖరికి అవతలి ఊరి ధనుంజయ ట్యాంకరులో నీళ్ళు తెచ్చాడు. ఎలా? ఏటి మీదుగానే! నడి ఏట్లో, టిప్పర్లకోసం తవ్విన గుంతలో వెనక చక్రాలు దిగబడ్డాయి. గంటసేపు తోశాం. కదల్లేదు.

"బరువు దించాల శేషన్నా."

"బరువంటే నీళ్ళేనా?"

"ఇంగేముండాది దాంట్లో?"

మామ తోటవైపు ఒకసారి చూశాడు. చూసి, గుంత ఒడ్డున కూర్చున్నాడు.

"ఇప్పప్పా, ఇప్పు. ఏరు పారి ఎన్నేండ్లయ్యింది. కండ్లారా సూస్తాం."

వాల్వు తిప్పారు. ఆ రోజు పెన్న పారింది. ఇరవై అడుగులు!

ఇంకో ట్యాంకరు దొరికేసరికి నాలుగు రోజులైంది. అప్పటికి గుత్తులు వడిలిపోయాయి.

సరే, ఇక మీ వంతు. మీ ఊరి ఏట్లో చివరిసారి మీ కాళ్ళు ఎప్పుడు తడిశాయో రాసి పంపండి. ఆ నీళ్ళు వానవా, ట్యాంకరువా అన్నది మాత్రం దాచకండి.