నీటి ఆఫీసు బిగోనియాలు

పనుల మీద వచ్చి ఎదురుచూసే జనానికి కాస్త ఆహ్లాదం కలిగించాలన్న సదుద్దేశంతో మా నీటి సరఫరా కార్యాలయం వారు వరండా పొడవునా బిగోనియా బుట్టలు వేలాడదీశారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఎర్రవి, గులాబీవి, పసుపువి. పూలు గుత్తులుగా బుట్టల అంచులు దాటి కిందికి జారుతూ కన్నులపండువగా ఉన్నాయి.

బిగోనియా సుకుమారమైన జాతి. ఎండ తగిలితే ఆకుల అంచులు మాడిపోతాయి. అందుచేత, అంతవరకూ వరండాలో నిలబడే క్యూను ప్రజాప్రయోజనం దృష్ట్యా ఆవరణలోకి, ఎండలోకి మార్చారు. జనం ఆకులు కారు గనక ఎవరూ మాడలేదు, కాస్త నల్లబడ్డారంతే. బుట్టల అడుగునుంచి కారే చుక్కల కింద ఒకాయన సీసా పట్టబోతే, అది సరఫరా కిందికి రాదని ప్యూను మర్యాదగా వివరించాడు.

మా పక్కింట్లో బట్టలు కుట్టే వదిన రోజూ ఆ క్యూలో నిలబడేది. ఆమె కూతురు పచ్చి బాలింత. మా వీధి కుళాయిల్లో చుక్క నీళ్లు లేవు. పసివాడికి తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే తప్ప స్నానం లేదు. ఆ సంగతి మొరపెట్టుకుంటే, వాడిన పూలు గిల్లుతున్న అధికారిగారు వెనక్కి తిరగకుండానే ఉపన్యాసం ఇచ్చారు.

"చూడమ్మా, దేనికైనా ఒక పద్ధతుంటుంది. ఈ మొక్కే ఉంది. ఆకు తడవకూడదు, వేరు ఎండకూడదు. ఎంత ఓపిక కావాలి? ఆ ఓపికే ప్రజల్లో లేదు."

వదిన తిరిగొస్తూ ఒక బిగోనియా బుట్ట కొని కిటికీకి తగిలించింది. దానికి మాత్రం నీళ్లెక్కడివి? నాలుగు రోజుల్లో తల వాల్చేసింది. పాపం అనిపించినా గుండె రాయి చేసుకుని దాన్ని ఆఫీసుకు పట్టుకెళ్లింది.

"మా వీధిలో నీళ్లు రాక ఇలా అయిపోయిందండీ."

అధికారిగారి కళ్లు చెమర్చాయి. "మీరసలు మనుషులేనా? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

సాయంత్రానికల్లా రోడ్డు తవ్వి గొట్టం బాగుచేశారు. మొక్కను పరామర్శించడానికి అధికారిగారు స్వయంగా విచ్చేశారు. కిటికీ పక్కనున్న ఉయ్యాల ఆయనకు అడ్డుగా తోచింది.

"దీన్ని కాస్త అవతలికి జరపండమ్మా. మొక్కకి గాలాడొద్దూ?"

జరిపారు. మొక్కకి నీళ్లు పోశారు. ఆయన వెళ్లాక పసివాడికీ పోశారు. వదిన తలుపు చాటుకి వెళ్లి ఏడ్చింది.

ఇప్పుడు మా వీధిలో గుమ్మానికో బుట్ట. నీళ్లు రోజూ వస్తున్నాయి. పక్క వీధివాళ్లు ఇంకా మనుషుల పేరు చెప్పే అడుగుతున్నారు గనక వాళ్లకి రావడం లేదు. నిన్న ఒకావిడ చంటిపిల్లను చంకనేసుకుని వచ్చి, ఒక్క కొమ్మ తుంచి ఇస్తే నాటుకుంటానంది. వదినతో సహా ఎవరమూ ఇవ్వలేదు. వాళ్లకీ పూలు పూస్తే మా కుళాయి గతేం కాను?