దూలానికి జాకీ

శనివారం పొద్దున నీరజ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, హాల్లో గోడ గడియారం తగిలించాలి, ఉప్మా తినాలి. న్యూజెర్సీలోని పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్ వదిలి, ఓ పల్లెలో రెండు వందల ఏళ్ల నాటి ఈ ఓక్ కర్రల ఇంటికి మారి నెలే అయింది. ఇల్లు ఎంచుకున్నది అతని భార్య దేదీప్య. "స్తంభాలూ దూలాలూ ఒకదాన్లో ఒకటి దూర్చి చెక్క మేకులతో బిగించారు, ఇనుమే లేదు" అని వచ్చినవాళ్లందరికీ తిప్పి చూపిస్తుంది.

టెక్సస్‌లోని కాపెల్ నుంచి చూడ్డానికి వచ్చిన ఆమె తండ్రి బ్రహ్మయ్యకు ఆ ఇనుము లేకపోవడమే నచ్చలేదు. ఆయన అక్కడే ముప్పై ఏళ్లు కాంక్రీటు వంతెనలు కట్టి రిటైరయ్యాడు. "ఇది అమ్మేసి కొత్త ఇల్లు చూసుకోండి" అని వచ్చిన రోజే చెప్పాడు. దేదీప్య ఆయనకు పెరుగు వడ్డించింది.

నీరజ్ మేడ మీద స్నానానికి వెళ్లాడు. గడియారానికి చోటు వెతుకుతూ తలెత్తిన బ్రహ్మయ్యకు, హాలు మూలన దూలం మీద పొడుగాటి చీలిక, పక్కనే రెండు ఖాళీ తొర్రలు కనిపించాయి.

"దేదీ, ఇక్కడుండాల్సిన కర్రలు ఎవరో పీకేశారమ్మా. క్రాక్ కూడా వచ్చింది."

"ఇన్‌స్పెక్టర్ చూసే ఓకే చేశాడు నాన్నా."

"ఆయన ఎన్ని బ్రిడ్జిలు కట్టాడు?"

ఆమె వంటింట్లో ఉప్మా కలిపి వచ్చేలోగా ఆయన కారు జాకీ తెచ్చి, దాని మీద గరాజ్‌లో దొరికిన మందపాటి కర్ర నిలబెట్టి, దూలాన్ని ఎత్తడం మొదలుపెట్టాడు. దూలం అరంగుళం లేచింది. దాంతోపాటు మేడ మీద బాత్రూమ్ గుమ్మం వంకరైంది.

"మామయ్యా, డోర్ తెరుచుకోవట్లేదు" అన్నాడు నీరజ్ లోపల్నుంచి.

"కదలకు బాబూ. దూలం క్రాక్ అయింది, నువ్వు సరిగ్గా దాని మీదే ఉన్నావు."

నీరజ్ కదలకుండానే 911కి కాల్ చేసి, ఇల్లు కూలిపోతోందని చెప్పాడు. పది నిమిషాల్లో ఫైరింజన్ వచ్చింది. తండ్రీకూతుళ్లను లాన్‌లోకి పంపేసి, నీరజ్‌ని కిటికీలోంచి నిచ్చెన మీద దించారు. అతను తువ్వాలుతో దిగుతుంటే వీధిలోవాళ్లు మర్యాదగా ఆకాశం వైపు చూశారు.

పక్కింటి వాల్టర్ పాత ఇళ్లు బాగుచేసే వడ్రంగి. ఫైర్‌వాళ్లు అతన్ని లోపలికి పిలిచారు. అతను దూలాన్ని ఒక్కసారి తడిమి, ఓక్ ఎండితే ఇలాగే చీలుతుందని, దాని బలానికేమీ ఢోకా లేదని చెప్పాడు. ఈ దూలం అంతకుముందు ఎవరి ధాన్యపు కొట్టంలోనో ఉండేదట. ఆ తొర్రలు అప్పటివట.

తండ్రీకూతుళ్లను లోపలికి రానిచ్చాక, ఈ మాట విన్న బ్రహ్మయ్య చెవులు ఎర్రబడ్డాయి. దేదీప్యకు తండ్రి మీద కోపం పోయి జాలి వేసింది.

జాకీ దించబోతూ వాల్టర్ ఆగిపోయాడు. దూలంతోపాటు మూల స్తంభం కూడా కాస్త లేచి ఉంది. కింద సందులో స్క్రూడ్రైవర్ గుచ్చితే, ఉడికిన చేమదుంపలోకి దిగినట్టు దిగింది. స్తంభం మొదలు పుచ్చిపోయింది.

"ఇంకో రెండు చలికాలాలు పోతే ఈ మూల కుంగిపోయేది" అన్నాడు అతను. "ఎత్తబట్టి కనిపించింది. పుచ్చిన మూరెడు కోసేసి కొత్త ఓక్ అతికిద్దాం. చెక్క మేకులే చాలు."

తండ్రి ఇక అమ్మేయమంటాడని దేదీప్య ఎదురుచూసింది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ స్తంభాన్నే చూస్తున్నాడు.

"ఇనుము లేకుండా అతుకు ఎలా నిలబడుతుందో కనుక్కోమ్మా" అన్నాడు చివరికి. "నేను కూడా ఓ చెయ్యి వేయొచ్చేమో అడుగు."

వాల్టర్ ఆయన చేతికి పెన్సిలిచ్చి, స్తంభం మీద గీత గీయమన్నాడు.

రెండు రోజులకని వచ్చిన బ్రహ్మయ్య, పని పూర్తయ్యేదాకా రెండు నెలలు ఉండిపోతానన్నాడు. నీరజ్‌ని ఎవరూ అడగలేదు.