టేపు మాస్టారి గణనయంత్ర విజయము

ఏ వేళ సూర్యభగవానుడు తన ప్రతాపమునంతయు రేకుల పందిళ్ళపై కుమ్మరించి, తానే అలసి, పడమటివైపునకు జారుచుండెనో; ఏ వేళ కుట్టుయంత్రముల కటకటారావము భోజనానంతరనిద్రతో పోరాడి, ఓడి, వీధి పొడవునా ఒక్కొక్క గడపలో సద్దుమణుగుచుండెనో; ఆ వేళ, ఆ దర్జీల వీధిలో, మేడమెట్ల క్రింది ఇరుకు దుకాణమునకు వెనుకనున్న ఏకైక గదిలో, లోకము కనివిని యెరుగని మహాసంగ్రామమొకటి ఆరంభమయ్యెను. లోకము కనకపోవుటకు కారణము కిటికీకి తెర వేసి యుండుటయే. పూర్వకవులకు సముద్రములు, పర్వతములు, అక్షౌహిణులు దొరికినవి. నా నుదుట ఒక రేకు డబ్బాయు, నాలుగు తీగలును వ్రాసి యున్నవి. ఎవరి ప్రాప్తము వారిది. ఆలకింపుడు.

ఈ గాథకు నాయకుడు కత్తెరపాణి, సూచీసమరసింహుడు, మహిళావస్త్రనిర్మాణధురంధరుడు, కంఠాభరణీకృతకొలతపట్టికుడు. అనగా లేడీస్ టైలరు. మెడలోని టేపును స్నానమునకు తప్ప దింపడు గనుక వీధివారు ఆయనను టేపు మాస్టారందురు. ఆయనకు జీవితమున ఒకే సిద్ధాంతము కలదు: వదులైనదానిని ఎప్పుడైనను బిగింపవచ్చును, బిగుతైనదానిని బ్రహ్మదేవుడును వదులు చేయలేడు. ఈ సిద్ధాంతబలముతో ఆయన ఆ పేటలోని సగముమంది స్త్రీలను వారి వారి దుస్తులలో ఈతలు కొట్టించెను. ఆ సిద్ధాంతమునే చంకనబెట్టుకొని కంప్యూటరు విడిభాగములు కొన బయలుదేరుటయే ఈ కథకంతకును మూలము.

ఆయనకొక్కతే కూతురు. ఆ పిల్ల వేసవియంతయు గది మూల కూర్చుండి కంప్యూటరుపై బొమ్మలు గీసెను. డిజైను కళాశాలవారు ఆ బొమ్మలు ఈ దినము సాయంకాలము ఆరు గంటలలోగా తమకు చేరవలెననియు, ఆ పిమ్మట వచ్చినవానిని తెరచియైనను చూడబోమనియు కుండ బద్దలు కొట్టినట్లు చెప్పిరి. ఇంతలో ఇంటనున్న ముసలి కంప్యూటరు పొగ కక్కి కన్నుమూసెను. బొమ్మలున్న డిస్కు మాత్రము ప్రాణములతో బయటపడెను. ఆ ప్రాణమునకు కొత్త దేహము కావలెను. అది సాయంకాలములోగా దొరకనిచో ఆ పిల్లకు ఈ యేడు చదువు లేదు. ఇది నవ్వులాట కాదు. తక్కినదంతయు నవ్వులాటయే.

సమస్య పుట్టిన దినముననే దానికి పరిష్కారము గుమ్మములోనికి నడిచి వచ్చెను. ఆ పరిష్కారము పేరు బావమరిది. వృత్తిరీత్యా రెడీమేడ్ దుస్తుల దుకాణదారుడు. దర్జీకి అట్టివానిని భార్యాసోదరునిగా నిచ్చుట విధి ఆడిన చతురోక్తులలో ఒకటి.

"ఎందుకొచ్చిన తంటా బావా? రెడీమేడ్ కంప్యూటర్ ఒకటి నేనే కొనిస్తాను. మేనకోడలికి ఆ మాత్రం ఇవ్వకూడదా?" అని అతడు మంచిమనసుతోనే అనెను.

నాయకుని చెవికి అందులో ఒక్క రెడీమేడ్ అను మాటయే వినబడెను. అప్పుడాయన హృదయాంతరాళమున గర్జించిన వాక్యములివి: "ఓరీ దురాత్మా! కొలత తీయకయే మానవజాతిని చిన్న, నడిమి, పెద్ద అను మూడు తెగలుగా చీల్చినవాడా! నా కుమార్తె చిత్రములు నేను స్వహస్తములతో కూర్చిన యంత్రమునుండియే దిగంతములకు వెడలును గాక! అట్లు కానినాడు ఈ టేపు నాది కాదు, ఈ మెడ దానిది కాదు!"

నోటితో పలికినది మాత్రము ఇంతే: "అక్కర్లేదులేరా. నేను చూసుకుంటా."

అటుపిమ్మట పాతసామానుల వీధికి దండయాత్ర సాగెను. ఏ భాగము ఏ రకముదై యుండవలెనో కూతురు ఫోనులో పూసగ్రుచ్చినట్లు చెప్పుచుండ, ఆయన "ఊఁ, ఊఁ" అనుచు, గుడ్డ బేరమాడు పద్ధతిలోనే ఒక్కొక్క వస్తువును వ్రేళ్ళతో తడిమి, వెలుగునకు పట్టి చూచి, ఒక్కొక్క దుకాణమున ఒక్కొక్కటి కొనెను. ఒక దుకాణమువానిని "రంగు దిగదు కదా?" అని కూడ అడిగెను. డబ్బా మాత్రము కుట్టుబల్ల కాళ్ళ నడుమ ఒదుగవలెను గనుక టేపు పట్టి కొలిచి చిన్నది తెచ్చెను. తక్కినవన్నియు సిద్ధాంతానుసారము ఒక సైజు పెద్దవి. విడివిడిగా చూచినచో ప్రతిదియు బంగారమే. కలిపి చూచినచో ఎవరికి వారే యమునాతీరే.

ఇట్లు గడువు దినము మధ్యాహ్నమున, నేలపై పాత దుప్పటి పరచి, దానిపై సర్వసామగ్రిని మోహరించి, నాయకుడు స్క్రూడ్రైవరు ధరించెను. ఇల్లాలు గడపపై కూర్చుండి గౌనులకు హుక్కులు కుట్టుచుండెను. కూతురు తండ్రి ప్రక్కన మోకాళ్ళపై కూర్చుండి, మాటిమాటికి గోడ గడియారమును, తండ్రి చేతులను చూచుచుండెను.

ప్రథమ ప్రతిఘటన పంకా వలన కలిగెను. యంత్రమునకు మెదడైన ప్రాసెసరు నెత్తిన కూర్చుండి, దాని వేడిని చల్లార్చు లోహపు రేకుల బురుజు అది. నాయకుడు వదులుగా నుండుటకై తెచ్చిన ఆ బురుజు డబ్బాను దాటి మూడు వ్రేళ్ళ ఎత్తున వెలికి పొడుచుకొని వచ్చెను. ప్రక్కతలుపు మూతపడలేదు. ఆయన అరచేతులతో అదిమెను. మోచేతితో అదిమెను. తుదకు మోకాలు మోపి, పండ్లు బిగబట్టి, సమస్త పితృదేవతలను తలచుకొని అదిమెను. తలుపు వంగెను గాని లొంగలేదు.

"ఏమండీ, అది మూసుకోనంటోంది. మోకాలితో చెబితే వింటుందా?" అని ఇల్లాలు దారము కొరుకుచు అడిగెను.

"కొత్తది కదా, కాస్త బిగుతుగా ఉంటుంది. వాడగా వాడగా అదే వదులవుతుంది."

"ఆ మాట గుడ్డకి చెప్పండి, నమ్ముతుంది. అది రేకు."

"నాన్నా, తలుపు లేకపోయినా నడుస్తుంది. ముందు మెమరీ పెడదాం. టైము అయిపోతోంది," అని కూతురు బతిమాలెను.

"తలుపు లేకుండానా? గుండీల్లేని చొక్కా వేసుకుని ఎవరైనా బజారుకి వెళ్తారా?" అని నాయకుడు మెడలోని టేపును లాగెను.

అటుపై జరిగినది చూచుటకు నాకు రెండు కన్నులు చాలలేదు, నవ్వుకొనుటకు ఒక్క నోరు చాలలేదు. ఆ మహానుభావుడు రేకుతలుపును గోడకు ఆనించి, డబ్బాకు నిలువు, అడ్డము, చుట్టుకొలతలు తీసి, గాలి ఆడు నల్లని నెట్టుగుడ్డను పరచి, సుద్దతో గీసి, కత్తెర ఝళిపించి, పంకా ఉబ్బెత్తునకు సరిగా నాలుగు డాట్లను మడతకుట్లు వేసి, అంచు మడచి, డబ్బాకున్న మరచీలల రంధ్రములకు పట్టునట్లు హుక్కులు కుట్టి, ఆ లోహశరీరమునకు ఒక నిండైన అంగీ తొడిగెను. అది దానికి అచ్చముగా సరిపోయెను. ఆయన వృత్తిజీవితమున మొదటిసారి సరిపోయిన వస్త్రమది కావచ్చును. ఈ లోపల ఎదుటి మేడ నీడ వీధిని దాటి ఈ గుమ్మమునెక్కెను.

"పైన పటారం, లోన లొటారం. ఇంతకీ అది వెలిగేదెప్పుడు?" అని ఇల్లాలు అడిగెను.

ద్వితీయ సంగ్రామము ఘోరతరము. మెమరీ యనునది అరచేతి పొడవున్న పచ్చని పలక. దాని అంచున ఒక గంటు ఉండును. బోర్డుపైనున్న గాడిలో ఒక మిట్ట ఉండును. గంటు వెళ్ళి మిట్టపై కూర్చుండవలెను. నాయకుడు తెచ్చిన పలకకు గంటు గోరంత ఎడముగా ఉండెను. ఆయన ఇటునుండి అదిమెను, త్రిప్పి అటునుండి అదిమెను, ఊది అదిమెను. గంటు గంటుగానే, మిట్ట మిట్టగానే నిలిచెను. గడియారమున అయిదు దాటెను.

"గోరంత పక్కకి పడింది, అంతే. ఇక్కడో గుండీ కాజా కోస్తే సరిపోతుంది," అని ఆయన బ్లేడు అందుకొనెను.

కూతురు ఆయన మణికట్టు పట్టుకొనెను. "వద్దు నాన్నా. అది పాత తరం మెమరీ. ఈ బోర్డుకి పడదు. కోస్తే అదీ పోతుంది, బోర్డూ పోతుంది. ఫోన్లో చెప్పాను కదా."

"ఊఁ అన్నాను కదా."

"ఊఁ అన్నావు. వినలేదు."

ఇల్లాలి సూది ఆగెను. పాతసామానుల వీధికి ఆ దినము సెలవు. ఇతర భాగమైనచో కుట్టి, అతికి, తాడుతో కట్టి నెట్టుకొని రావచ్చును గాని, జ్ఞాపకశక్తి లేని యంత్రమునకు అంగీ తొడిగి లాభమేమి?

"మామయ్య కొట్టులో బిల్లులు కొట్టే కంప్యూటర్ ఉందిగా, అందులో సరిగ్గా ఈ రకం మెమరీయే ఉంది. అందులో నా బొమ్మలు తెరుచుకోవు. కానీ ఆ మెమరీ తీసి ఇందులో పెడితే పడుతుంది," అని పిల్ల మెల్లగా అనెను. పిమ్మట తల వంచుకొని, "నాకు పొద్దున్నే తెలుసు నాన్నా, ఇది పడదని. అయినా మామయ్యకి ఫోన్ చెయ్యలేదు. నువ్వు చేస్తావని చూస్తున్నాను," అనెను.

ఆమె ఏడ్వలేదు. ఏడ్చినచో ఆయన ఏదో ఒకటి చెప్పి ఓదార్చి తప్పించుకొనియుండును. వేసవియంతయు గీసి గీసి కాయ కాచిన ఆ వ్రేలిని ఆమె బొటనవ్రేలితో రుద్దుకొనుచుండెను. అది చూచి ఆయన బ్లేడును క్రింద పెట్టెను. ఇంతవరకు వెక్కిరించుచు వచ్చిన నాకును ఒక నిమిషము నవ్వు రాలేదని ఒప్పుకొనుచున్నాను. ఒక్క నిమిషమే.

శ్రోతలారా, కోటలు కూల్చుట సులభము, ఏనుగులను కూల్చుట సులభము. భార్య చూచుచుండగా బావమరిదికి ఫోను చేయుట దుష్కరము. నాయకుని హృదయము లోలోపల ఘోషించెను: "ఓ ప్రతిజ్ఞా! నిన్ను నేడు నా చేతులతో నేనే సమాధి చేయుచున్నాను. ఓ రెడీమేడ్ వంశోద్ధారకా! నా కుమార్తె కొరకు నీ గుమ్మమున శిరస్సు వంచుచున్నాను. కొలత తీసుకొనుము!"

నోటితో అన్నది: "ఏరా, ఖాళీగా ఉన్నావా?"

"ఎక్కడి ఖాళీ బావా, కొట్టు నిండా జనం. ఏం కావాలి?"

"ఏం లేదు. నీ బిల్లుల కంప్యూటర్లో మెమరీ ఉంటుంది చూడు, అది ఒక్క గంట పీకి తెస్తావేమోనని. పిల్ల బొమ్మలు పంపాలి."

"నేను ముందే చెప్పానా" అను అస్త్రము బావమరిది అమ్ములపొదిలో ఉండెను. దానిని ప్రయోగించు హక్కు కూడ అతనికి ఉండెను. అతడు ప్రయోగింపలేదు.

"బిల్లులు చేత్తో రాసుకుంటాంలే. వస్తున్నా," అనెను.

అతడు చెమటలు గ్రక్కుచు వచ్చెను. మెమరీని కొత్త చొక్కా వచ్చు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చెను. డబ్బాను చూచి గుమ్మములోనే ఆగెను.

"ఇదేంటి బావా, కంప్యూటర్‌కి జాకెట్టా?"

"చేతుల్లేనిది," అని నాయకుడు గంభీరముగా సెలవిచ్చెను.

"మరి రెడీమేడ్ ముక్క కుట్టుడు దాంట్లో పడుతుందంటావా?"

"కాస్త లూజు వదిలాన్లే. పడుతుంది."

ఆ ఇద్దరి నడుమ కత్తులు లేని సంభాషణ ఎన్నో యేండ్ల తరువాత అదే మొదటిది. హుక్కులు విప్పిరి. పలకను గాడిలో నిలిపిరి. ఒక కొనను దర్జీయు, రెండవ కొనను రెడీమేడును బొటనవ్రేళ్ళతో అదిమిరి. గంటు వెళ్ళి మిట్టపై కూర్చుండి టక్కుమనెను. ఇల్లాలు హుక్కులు మరల తగిలించెను.

కూతురు మీట నొక్కెను. పంకా తిరిగెను. నల్లని అంగీ ఊపిరి పీల్చినట్లు ఉబ్బెను. తెర చీకటిగా ఉండెను. నలుగురును తెరపైకి వంగిరి. తెర ఇంకను చీకటిగానే ఉండెను. నాయకుడు మోకాలు మోపుటకు సిద్ధపడుచుండగా మూలన ఒక చిన్న తెల్లని గీత వెలిగెను, పిమ్మట తెరయంతయు వెలిగెను. డిస్కు కన్ను తెరచెను. పిల్ల గీసిన బొమ్మలు ఒక్కొక్కటిగా తెరపైకి వచ్చెను. కుట్టుబల్ల ముందు వంగి కూర్చున్న ఒక మనిషి వీపు, మెడలో వ్రేలాడు టేపు, నేలపై రాలిన గుడ్డపేలికలు. నాయకుడు వానిని మునుపెన్నడును చూడలేదు. చూచి, కత్తెర కొరకు వెదకుచున్నట్లు అటు తిరిగి, కొంతసేపు వెదకెను.

కూతురు వానిని కళాశాలకు పంపసాగెను; ఎంత పోయినదో తెలుపు గీత నత్తనడక నడచెను. సగము దాటెను, ఆగెను, మరల కదలెను. బావమరిది తన కొట్టు సంగతి మరచి గడియారమునకు ఎదురుగా నిలిచెను, అడ్డము నిలిచినచో కాలమాగునేమోనన్నట్లు. ఆరు కొట్టుటకు కొంచెము ముందు, "మీ చిత్రములు అందినవి" అను ఒక్క వాక్యము తెరపైకి వచ్చెను.

"వెళ్ళిపోయాయి నాన్నా," అని కూతురు ఆయన భుజమునకు తల ఆన్చెను.

ఇల్లాలు గడియారము వంక, ఆపై భర్త వంక చూచెను. "ఏమండీ, సాయంత్రానికి ఇస్తామన్నది సాయంత్రానికే ఇచ్చేశాం."

"అయితే?"

"మన ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా?"

బావమరిది ముందు నవ్వెను. పిమ్మట కూతురు నవ్వెను. నాయకుడు కోపము తెచ్చుకొనుటకు ప్రయత్నించి, అది రాక, తానును నవ్వెను.

కావున దిక్కులారా, దిక్పాలకులారా, జాకెట్టు కొరకు చెప్పులరుగ తిరిగిన సమస్త స్త్రీజనమా, వినుడు! కత్తెరపాణియు, సూచీసమరసింహుడును, బావమరిదిసహాయుడును అగు టేపు మాస్టారి గడపనుండి, ఆ దుకాణము వెలసిన నాటినుండి నేటివరకు, చెప్పిన దినమున, చెప్పిన వేళకు, అడిగినవారికి అందిన వస్తువు ఇదియొక్కటే. కళాశాలవారు ఏమందురో కాలమే చెప్పవలెను. ఈ విజయము మాత్రము శాశ్వతము. ఈ గాథను భక్తితో చదివినవారి దుస్తులు రేపు తప్పక సిద్ధమగును. రేపు కానిచో, ఎల్లుండి.