అర్థం వల్ల ఆటకు నష్టం

పదాలకు అర్థాలుండటం మానవజాతి చేసుకున్న పొరపాటు. కోప్పడకండి. ముప్ఫై ఏళ్ల పరిశీలన మీద చెబుతున్నాను!

అమెరికాలోని డులూత్ ఊళ్లో మా స్క్రాబుల్ క్లబ్బు గురువారాల్లో లైబ్రరీ కింది గదిలో కూడుతుంది. మా ప్రమాణగ్రంథంలో పదాలే తప్ప అర్థాలుండవు. బోర్బొరిగ్మస్ అంటే కడుపులో గుడగుడ అని తెలిసినవాడు నవ్వుకుంటూ కూర్చుంటాడు. తెలియనివాడు అక్షరాల పలకలు బోర్డు మీద మాటగా పేర్చి గెలుస్తాడు. సెస్క్విపిడేలియన్ అంటే పొడుగు మాటల మోజున్నవాడట. అది తెలిసినందుకు ఎవరికైనా ఒక్క పాయింటు అదనంగా వచ్చిందా?

అర్థం తెలియకుండా వల్లించేవారిని చూసి జీవితమంతా నవ్విన హేతువాదిని నేను. అయితే వారిది మూఢత్వం. మాది సాధన.

మా ఛాంపియన్ ఆర్విడ్ స్టెన్‌క్విస్ట్‌నే చూడండి. కొండరోడ్డు ఎక్కుతుంటే గుండె పట్టేస్తోందని డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాడు.

"ఇది ఇస్కీమియా అండీ. ఆ మాట తెలుసా మీకు?" అని ఆమె అడిగింది.

"తెలియకేం డాక్టరమ్మా! ఎన్నిసార్లు వేశానో. చేతిలోని ఏడు పలకలూ ఒక్క దెబ్బకు ఖాళీ!"

ఆమెకు రెండో ముక్క అర్థం కాలేదు గాని, రోగి తెలిసినవాడని సంతోషించి, మందు రాసి, వివరించడం మానేసింది. ఈ ముచ్చట ఆర్విడ్ తనే మాకు గర్వంగా చెప్పాడు. మేం చప్పట్లు కొట్టాం.

మరుసటి గురువారం మోకాలిలోతు మంచు పడింది. ఆర్విడ్ వాకిట్లో మంచు ఎత్తిపోయడానికి పార అందుకున్నాడు. ఈ జబ్బుతో ఆ పని చెయ్యొచ్చా అని అనుమానం వచ్చిన భార్య మార్లిస్ మందుచీటీ పట్టుకుని తిన్నగా మా క్లబ్బుకు వచ్చింది. మాటల కోసం మా దగ్గరకు కాక ఇంకెక్కడికి వెళ్లాలి?

"ఇస్కీమియా అంటే ఏమిటి?"

కార్యదర్శి లైల్ గ్రంథం తెరిచాడు. "ఉందమ్మా. నిక్షేపంలాంటి మాట."

"ఉందని నాకూ తెలుసయ్యా, మా ఆయన ఛాతీలోనే ఉంది! అంటే ఏమిటని?"

"బహువచనం కూడా చెల్లుతుందమ్మా" అన్నాను నేను, ఆమెకు కాస్త ధైర్యంగా ఉంటుందని.

"మీ ఆట తగలెయ్య!" అంటూ ఆమె బయటికెళ్లి డాక్టరమ్మకు ఫోన్ చేసి, అర్థం తెలుసుకుని ఇంటికి పరుగెత్తేసరికి ఆర్విడ్ మంచులో పడి ఉన్నాడు. గుండెకు రక్తం చాలకపోవడాన్ని అలా అంటారట. అదృష్టం, బతికాడు.

మొన్న మళ్లీ ఆటకు వచ్చాడు. నేను వెనక నిలబడి చూస్తున్నాను. ఆయన ముందు సరిగ్గా ఇస్కీమియా అక్షరాలే. తక్కువైన ఒక్కటీ బోర్డు మీద సిద్ధంగా ఉంది. వేస్తే గెలుపు! ఆర్విడ్ పలకల్ని చాలాసేపు చూశాడు. చెయ్యి ఛాతీ మీదకు వెళ్లింది. చివరికి 'ఐస్' అని చిన్న మాట వేసి, ఓడిపోయి, కోటు తొడుక్కున్నాడు.

చూశారా? బంగారంలాంటి ఆటగాణ్ణి ఒక్క అర్థం ఎలా పాడుచేసిందో!

సోమవారం నాకూ గుండె పరీక్ష ఉంది. లావుపాటి నిఘంటువు ఒకటి సంచిలో పెట్టుకున్నాను. అర్థాలున్నదే. మా క్లబ్బులో చెప్పకండి.