కొబ్బరికాయ పడని అమ్మోరు

నిన్న వలలో పడ్డ మోకాలెత్తు ఇనుప గొట్టాన్ని తెల్లారగానే బరంపురం బడా బజార్‌లో పాత ఇనుము కొట్టుకి చేర్చెయ్యాలన్నది అప్పలరాజు పథకం. పథకంలో ఒకటే చిక్కు. సముద్రంలో గాలిమరలు నిలబెట్టే కంపెనీకి అతని పడవ కాపలా తిరుగుతోంది. 'వల్లో ఇనుము పడితే ముట్టుకోకండి, పాత బాంబు కావచ్చు' అని ఊరికి చెప్పవలసినవాడే అతను. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది.

ఆటో మాట్లాడుతుండగా కంపెనీ మేడమ్ మాధవి అతని ఫోనుకి ఫొటో పంపింది. 'ఇది ఎవరికైనా దొరికిందా? ముట్టుకోవద్దు. వస్తున్నా.'

ఫొటోలో ఉన్నది అచ్చంగా తన గొట్టమే!

అప్పలరాజు ఇంటికి పరుగెత్తాడు. పెరట్లో గొట్టం నిటారుగా నిలబడి ఉంది, పసుపు పూసుకుని, బొట్టు పెట్టుకుని. చుట్టూ వీధి వీధంతా ఉంది.

"అమ్మోరు వల్లోకొస్తే గోనె కింద దాసేస్తావేటి?" అని భార్య కాసమ్మ విరుచుకుపడింది.

ఊరిపెద్ద పైడన్న కొబ్బరికాయ ఎత్తాడు.

"కొట్టకు పెద్దయ్యా! ఈ అమ్మకి కాయ పడదు!"

"నీకెవులు సెప్పినారు?"

"అమ్మే కల్లోకొచ్చి సెప్పింది. దూరం నుంచి దండమెట్టుకోమంది."

"ఎంత దూరం?"

"కొడల టౌను దాకా ఎల్తే మరీ మంచిది."

కలలో మాట్లాడే అమ్మవారనేసరికి జనం వెళ్లడం మాని పక్క ఊళ్లకి ఫోన్లు కొట్టారు. డప్పులు దిగాయి. కాయ పడకపోతే కర్పూరమన్నారు. అప్పలరాజు ఊది ఆర్పేశాడు. అదీ పడకపోతే టపాకాయలని ఒక దండ తెచ్చి గొట్టం మెడలో వేశారు. అగ్గిపుల్ల గీసిన చప్పుడికి అప్పలరాజు గొట్టాన్ని కావలించుకుని అరిచాడు. "బాంబర్రా! ఇది బాంబు!"

"అమ్మని బాంబంటావా?" పైడన్న చెంప ఛెళ్లుమనిపించాడు.

అప్పుడే జీపు ఆగింది. మాధవి దిగి, గొట్టం మీది నంబరు చూసి, అప్పలరాజుని పక్కకి లాగింది.

"ఇది ఉత్తుత్తి బాంబండీ. లోపలంతా సిమెంటే. బాంబుల్ని వెతికే మా మెషిన్‌ని పరీక్షించడానికి మేమే సముద్రంలో దింపాం. వారం నుంచి కనపడక చస్తున్నాం. పోయిందని ఆఫీసుకి చెప్పలేదు. మీరూ చెప్పకండి. మీ పని ఎక్కడికీ పోదు."

అప్పలరాజుకి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ గొట్టాన్ని ఎత్తబోయేసరికి జనమంతా జీపు ముందు బైఠాయించారు.

"మా ఠాకురాణి అమ్మోరు ఎక్కడికీ రాదమ్మా," అన్నాడు పైడన్న ఎంతో మర్యాదగా, జీపు టైర్ల వైపు చూస్తూ. తర్వాత అప్పలరాజు వైపు తిరిగాడు. "అమ్మ మాటాడింది నీతోనే కదేటి? పూజారివి నువ్వే. ఇంక పడవెక్కకూడదు."

ఆ ఉద్యోగానికి రాజీనామా ఉండదు.