ఆత్మార్థక క్రియల సర్క్యులర్

బోధన్ రోడ్డులోని శ్రీ త్రివేణి చెరకు రైతుల సహకార చక్కెర కర్మాగారం వారు ఇటాలియన్ భాష నేర్చుకోవాలని నిర్ణయించినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది. 1988 జూన్ నెలలో పాలకవర్గం ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. తీర్మానం చదువుతున్నప్పుడు సభ్యులందరి నోళ్లలో మిర్చి భజ్జీలు ఉండటం వల్ల ఎవరూ అభ్యంతరం చెప్పలేకపోయారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ గుమాస్తాగా దాన్ని రాసిందీ, చదివిందీ నేనే.

కారణం న్యాయమైనదే. చక్కెర ఆరబెట్టే యంత్రం ఒకటి ఇటలీ నుంచి వచ్చింది. దాన్ని నడిపే విధానం తెలిపే పుస్తకం ఇటాలియన్‌లో ఉంది. ఒక మనిషిని పంపితే ఆరు వారాలు తమ ఖర్చుతో నేర్పుతామని కంపెనీ వాళ్లు రాశారు. అయితే ఆ మనిషికి రోజువారీ ఇటాలియన్ రావాలి, వాళ్ల తరఫున ఒకరు వచ్చి పరీక్ష పెడతారు. పాసైనవాడు తిరిగొచ్చాక ఆ యంత్రానికి పర్మనెంట్ ఆపరేటర్ అవుతాడు. ఈ పరీక్షకు కర్మాగారంలోని ఏ ఉద్యోగి అయినా అర్హుడేనని నోటీసు అంటించాం. నోటీసులో అలా రాయడం ఒక మర్యాద. మీకు తెలియనిది కాదు.

మోర్తాడ్ వాస్తవ్యుడు ఆత్మారాం లిబియాలో ఒక ఇటలీ కంపెనీ క్యాంపులో ఎనిమిదేళ్లు వంట చేసి వచ్చాడు. ఇటాలియన్‌లో తిట్లు తిన్న అనుభవం చుట్టుపక్కల మరెవరికీ లేనందున ఆయన్నే ఆచార్యుడిగా నియమించాం. విద్యార్థులుగా జనరల్ మేనేజర్ బాపురావు గారు, మరో ముగ్గురు అధికారులు చేరారు. నమస్కారాలు, కృతజ్ఞతలు, రొట్టెలు, కూరగాయలు రెండు వారాల్లో దిగ్విజయంగా ముగిశాయి. మూడో వారంలో ఆత్మార్థక క్రియలు వచ్చాయి. మనిషి తనకు తాను చేసుకునే పనులను చెప్పే మాటలన్న మాట: లేవడం, కూర్చోవడం, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం.

నోటితో అన్న పనిని వెంటనే చేసి చూపించాలన్నది ఆత్మారాం పద్ధతి. బాపురావు గారు "మి సియేదో", అంటే నేను కూర్చుంటున్నాను, అన్నారు. అటెండరు లింబయ్య కుర్చీ జరిపాడు. తర్వాత "మి మెత్తో లె స్కార్పె", బూట్లు తొడుక్కుంటున్నాను, అని కాలు చాపారు. లింబయ్య కింద కూర్చుని తొడిగాడు. భాష మీద ఉత్సాహంతో మిగతా ముగ్గురూ కాళ్లు చాపారు.

లింబయ్య పద్నాలుగేళ్లుగా సీజనల్ ఉద్యోగి. చెరకు ఆడటం అయిపోగానే ఇలాంటివాళ్లను ఇంటికి పంపడం రూలు. లింబయ్యను కూడా పంపేవాళ్లం, జనరల్ మేనేజర్ గారి ఇంటికి.

"సార్, గిట్ల కాదు," అన్నాడు ఆత్మారాం. "ఇవి ఎవరికి వాళ్లు చేసుకునే పనులు. లింబన్న తొడిగితే మీకు మాట ఎట్ల వస్తది?"

"బూట్లు నేనే తొడుక్కుంటే లింబయ్యకు జీతం దేనికిస్తున్నం మాస్టర్?" అన్నారు బాపురావు గారు. "ఓ గరీబోని పొట్ట కొట్టమంటవా?"

ఆ దయాగుణానికి మేమందరం చప్పట్లు కొట్టాం. మర్నాడే సర్క్యులర్ వెలువడింది. ఆత్మార్థక క్రియలు స్వభావరీత్యా నాలుగో తరగతి ఉద్యోగుల విధుల కిందికి వస్తున్నందున, సదరు పాఠాన్ని అధికారుల తరఫున శ్రీ లింబయ్య అభ్యసించవలెనని అందులో రాశాను. సీజనల్ ఉద్యోగికి కుర్చీ మంజూరు లేదు కనుక అతను నిలబడే అభ్యసించాడు.

శ్రద్ధగా అభ్యసించాడు. ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"అన్నా, నేను పాసైతే నిజంగనే పర్మనెంట్ చేస్తరా? మా ఇంటిది పెంటవ్వకు బీడీలు సుట్టి సుట్టి చేతి ఏళ్లు వంకర పోయినయి. జర పర్మనెంటైతే మాన్పిస్త."

"నోటీసుల రాసినం గద లింబన్నా," అన్నాను. ఆ నోటీసులో ఎంత నిజముందో రాసిన నాకు తెలుసు. అతని మొహం చూసి చెప్పలేకపోయాను. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు సిగ్గుగానే ఉంటుంది.

అక్టోబర్‌లో పరీక్ష పెట్టడానికి కంపెనీ తరఫున ఇటలీ దొరసాని వచ్చింది. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో చెప్పమని బాపురావు గారిని అడిగింది. ఆయన తడుముకోకుండా ఇటాలియన్‌లో చెప్పారు. పొద్దున లింబయ్య నన్ను లేపుతాడు. లింబయ్య నా వీపు రుద్దుతాడు. లింబయ్య నాకు బూట్లు తొడుగుతాడు, కారెక్కిస్తాడు, దింపుతాడు. ఒక్క తప్పు లేదు. దొరసాని కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి నిమిరింది. చిన్న వయసులోనే ఇంత పెద్ద మనిషికి కాళ్లూ చేతులూ పడిపోవడం తనను కలచివేసిందని కాగితం మీద రాసుకుంది.

తర్వాత లింబయ్య. తనంతట తాను లేచి, స్నానం చేసి, బట్టలు ఉతుక్కుని, మూడు మైళ్లు నడిచి పనికి వస్తానని చెప్పాడు. నూటికి నూరు మార్కులు వచ్చాయి.

పాలకవర్గం అత్యవసరంగా సమావేశమైంది. లింబయ్య పాఠాన్ని అధికారుల తరఫున చదివాడని నా సర్క్యులర్‌లోనే ఉంది కాబట్టి, పాసైంది కూడా అధికారుల తరఫునే అని తేలింది. బాపురావు గారు ఇటలీ వెళ్లారు. ఆపరేటర్ పోస్టును ఆయన అదనపు బాధ్యతల్లో చేర్చాం. లింబయ్య సేవలు అత్యంత విలువైనవి కనుక అతన్ని ఉన్నచోటు నుంచి కదిలించరాదని ప్రశంసాపూర్వకంగా రాసుకున్నాం.

ఆరు వారాల తర్వాత క్యాంటీన్ హాలులో సన్మానం, విందు. నూట ఇరవై మందిమి. బాపురావు గారు భోంచేసి, కూర్చున్న చోటు నుంచే ప్రసంగించారు.

"మన జిల్లాకు అక్కడున్న ఇజ్జత్ చూస్తే మీ కండ్లల్ల నీళ్లొస్తయి. విమానం దిగంగనే చక్రాల కుర్చీ తెచ్చిండ్రు. తెల్లబట్టల దొరసానులు ఇద్దరు నన్ను కాలు కింద పెట్టనియ్యలే. అన్నం సుత వాళ్లే తినిపించిండ్రు. యంత్రం దిక్కు పోతనంటే, వద్దు సార్, మీరు అలసిపోతరని డాక్టర్లే ఆపిండ్రు!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. బాపురావు గారు ఎంగిలి చెయ్యి పళ్లెం మీదికి చాపారు. మా దగ్గర పెద్దవాళ్లు భోంచేసి లేవరు, పళ్లెంలోనే చెయ్యి కడుగుతారు. ఇంకొకరు నీళ్లు పోస్తారు. లింబయ్య చెంబుతో వచ్చాడు. ఆ చెయ్యి వంక కాసేపు చూశాడు. చెంబు బల్ల మీద పెట్టాడు.

"మే నే వాదో," అన్నాడు స్పష్టంగా. భుజం మీది తువ్వాల తీసి కుర్చీకి వేసి, హాలు దాటి, గేటు దాటి వెళ్లిపోయాడు.

ఇటాలియన్‌లో అభినందించాడనుకుని మళ్లీ చప్పట్లు కొట్టాం. ఆత్మారాం ఒక్కడే కొట్టలేదు.

"నేను పోతున్న అన్నడు సార్," అన్నాడు. "మల్ల రాడు."

చప్పట్లు ఆగాయి. బాపురావు గారి చెయ్యి చాచినట్టే ఉంది. ఆయన కడుక్కోనిదే మేం కడుక్కోకూడదు కనుక మా చేతులూ అలాగే ఉన్నాయి. వేళ్ల మీద మాంసం పులుసు ఎండిపోతోంది. కుళాయి ఎదురుగా గోడకే ఉంది, నీళ్లు కూడా కారుతున్నాయి. నూట ఇరవై మందిమీ దాన్నే చూస్తున్నాం. ఎవరో ఒకరు లేచి పోయకపోతారా అని నేనూ కూర్చునే ఉన్నాను.